డబ్బా దించమన్న మనిషి

పోయిన నెల మా మామగారు గుండెపోటుతో కాలం చేశారు. గుంటూరు రోడ్డులోని పెట్రోలు బంకులో ఎన్నో ఏళ్ళు పైపు పట్టుకుని నిలబడ్డ మనిషి. నేను పెద్దగా చదువుకోలేదు, నలుగురిలో మాట్లాడలేను. అయినా ఆయన గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా వైపు రైతులు పత్తికీ మిరపకూ మందు కొట్టే స్ప్రేయర్ల కోసం ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్రోలు పట్టుకెళతారు. ట్రాలీ ఆటోలో పరిచిన ప్లాస్టిక్ పరదా పట్టా మీదే డబ్బా ఉంచి పోయమంటారు. మామగారు పోసేవారు కారు. అన్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా నాకు ఈ గొడవే వినిపించేది.

"డబ్బా కింద పెట్టు."

"దించి మళ్ళీ ఎక్కించాలా? నడుం పడిపోద్ది బాబాయ్."

"అంటుకుంటే నడుమూ ఉండదు, నువ్వూ ఉండవు. దించరా."

వెనక నుంచి హారన్లు. "కరెంటు తాత డ్యూటీలో ఉన్నాడ్రా, ఇవాళ మందు కొట్టినట్టే" అని నవ్వులు.

కొత్తలో నాకూ చాదస్తమే అనిపించింది. ఒక చలికాలం సాయంత్రం దండెం మీది నైలాను చీర లాగుతుంటే చిటపటమని వేలికి చురుక్కుమంది. మామగారు చూశారు.

"అదే అమ్మాయ్, రాపిడికి పుట్టే కరెంటు. పట్టా మీద డబ్బా రాసుకున్నా పుట్టేది అదే. పెట్రోలు ఆవిరికి అంత నిప్పు చాలు. డబ్బా నేల మీద ఉంటే అది నేలలోకి పోతుంది. పైపు డబ్బా మూతికి ఆనించి నిదానంగా పోయాలి" అన్నారు. నాకు అంత ఓపికగా ఎవరూ ఏదీ చెప్పలేదు.

పెద్దకర్మకు వచ్చినవాళ్ళంతా మంచి మనిషి అన్నారు. బంకు వాళ్ళు పంపుల దగ్గర ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. మర్నాడు నన్ను ఎక్కించుకుని పొలానికి వెళుతూ ఆ ఫ్లెక్సీ కిందే ఆటో ఆపి, సీట్లోంచే వెనక్కి వంగి పట్టా మీదే డబ్బా మూత తీశారు మా ఆయన. కన్నకొడుకే.

"దించండి" అన్నాను.

"నువ్వూ మొదలెట్టావా? ఇన్నేళ్ళలో ఏమన్నా అయిందా?"

"ఆయన దింపించబట్టే ఏమీ కాలేదు."

"అందరూ చూస్తన్నారు. కూర్చో."

మామగారు బతికుండగా ఈ మాట నేను ఒక్కసారి కూడా పక్కన నిలబడి అనలేదు. అందరూ నవ్వుతుంటే కొంగు అడ్డం పెట్టుకుని నేనూ నవ్వాను. నా మీద నాకే వచ్చిన కోపం ఇప్పుడు ఎవరి మీద చూపించను?

దిగి, రెండు చేతులా డబ్బా పట్టుకుని సిమెంటు నేల మీద పెట్టాను. వెనక ఎవరో హారన్ కొట్టారు. పైపు పట్టుకున్నతను మా ఆయన వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత వంగాడు. మా ఆయన ఆటో దిగలేదు. నేను తలెత్తలేదు. డబ్బా అంచు వెంట పెట్రోలు సన్నగా, చప్పుడు లేకుండా దిగుతూ ఉంది.