చేతులు దాచే ఆయన

మా చిన్నప్పుడు... వేసవి సెలవులివ్వగానే బందరులో మా ఇంటి హాలు నిండా కాగితాలే. ఏడాది పొడుగునా వచ్చిన పిల్లల మాసపత్రికలు, అమ్మ చదివే వారపత్రికలు అన్నీ నేల మీద పరిచేవాళ్లం. నాన్న పిన్నులు విప్పేవారు. మాధవి అక్క బొమ్మల కథల పేజీలు విడదీసి, ఏ కథకా కథ వరసలో పెట్టేది. నా పని ఎవరూ ఫ్యాను వేయకుండా కాపలా కాయడం!

ఫ్యాను వేస్తే రాజుగారి కోట ఎగిరి దొంగల గుహలో పడేది మరి...

ఆ కట్టంతా బైండింగు కొట్టుకి వెళ్లి లావుపాటి పుస్తకమై తిరిగొచ్చేది. గట్టి అట్ట, ఎర్ర గుడ్డ అంటించిన వీపు, మైదా జిగురు వాసన... ఆ వాసన నాకిప్పటికీ ఇష్టం.

ఒక్కో కథకి ఒక్కో చిత్రకారుడు. అసలు రుచంతా అక్కడే. ఒకాయన కథలో వాన పడితే మనకి చలేసేది. పేజీ తిప్పితే ఇంకొకాయన, అన్నీ సన్నటి గీతలు. ఆ తర్వాతాయన అందరికీ ఇంతింత ముక్కులు పెట్టేవాడు, రాణిగారిక్కూడా! ఒక్కరి బొమ్మలే అయితే ఎంత బాగున్నా కాసేపటికి కళ్లు అలిసిపోతాయి. ఇందులో ఆ బాధ లేదు.

కానీ ఓ చిక్కు. అంచులు సమంగా రావాలని బైండింగు ఆయన పుస్తకాన్ని మిషన్లో పెట్టి కోసేసేవాడు. కింద మూలల్లో ఉండే సంతకాలన్నీ ఆ కోతలో పోయేవి. పత్రికలో ఉన్నప్పుడే చూసుకోవచ్చుగా అంటారేమో... దొంగ దొరికాడా లేదా అన్న కంగారులో సంతకాలు చూసేదెవరండీ! అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. వానాయన, సూదాయన, ముక్కులాయన...

ఆ పేర్లలో సగం మా శీను బావ పెట్టినవే. అవనిగడ్డలో ఉండే మా మేనత్త కొడుకు, అక్కకన్నా కాస్త పెద్ద. సెలవులకి రాగానే సంచి కూడా దించకుండా "బైండేదే?" అనేవాడు. ఎక్కడ తెరిచి చూపించినా ఇది ఫలానా ఆయన బొమ్మ అని ఇట్టే చెప్పేసేవాడు. తప్పేవాడు కాదు, దాంతో కొంచెం పొగరు కూడానూ.

ఓ ఏడాది పేజీలు సర్దుతుంటే వానాయన వేసిన దొంగ కథకి ఆఖరి పేజీ లేదు. ఇల్లంతా వెతికాం. చివరికి అమ్మ నాలిక్కరుచుకుంది. గుడివాడ పిన్నికి ఎండు నెత్తళ్ల చేపలు పంపినప్పుడు పొట్లం కట్టింది ఆ కాగితంతోనేనట! పిన్నికి ఫోన్ చేశాం.

"నెత్తళ్లా? వంకాయలో వేసి వండేశానే. ఎంత బావున్నాయో!" అంది పిన్ని. కాగితం సంగతి అడిగితే ఒకటే నవ్వు.

కథ అక్కకి గుర్తుంది. "ఆ పేజీ నేనేస్తాను" అంది.

నోటుపుస్తకం వెనక పిచ్చిబొమ్మలు వేయడం వేరు, వానాయన పక్కన నిలబడటం వేరు. నల్ల సిరా, అచ్చం పత్రికలో లాంటి కాగితాలూ తెప్పించుకుని, ఎన్ని చింపిందో! మొహాలు కుదిరాయి. దొంగ దాక్కున్న బావి కుదిరింది. చేతులే కుదరలేదు... ఎలా గీసినా వేళ్లు బెండకాయల్లా వచ్చేవి. ఆఖరికి రాజుగారు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. రాణిగారివి కొంగు చాటుకి, భటులవి డాళ్ల చాటుకి వెళ్లాయి. దొంగ చేతులు ఎలాగూ వెనక్కి విరిచి కట్టేస్తారు కాబట్టి బతికిపోయాం.

"బావకి చెప్పావో, చూడు!" అని నన్ను బెదిరించింది అక్క. "వాళ్ల బొమ్మల పక్కన నాది ఆనుతుందో లేదో బావే చెప్పాలి. చూసి నవ్వాడంటే ఇంక జన్మలో పెన్ను పట్టను."

అక్క పేజీతో సహా కట్ట బైండింగుకి వెళ్లొచ్చింది. బావ వచ్చాడు. మంచమెక్కి బైండు తెరిచాడు. అక్క గుమ్మంలో కూర్చుని కనకాంబరాలు కడుతున్నట్టు నటిస్తోంది. ఆ పేజీ రానే వచ్చింది... బావ ఆగాడు. వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకి తిప్పాడు.

"ఇది వానాయన కాదే! ఎవరో కొత్తాయన... చేతులెయ్యడం రాదు పాపం, అందరివీ దాచేశాడు."

అక్క మొహం మాడిపోయింది. పూలు అక్కడే వదిలేసి లేవబోయింది.

"కానీ ఈ దొంగ మొహం చూడవే బుజ్జీ," అన్నాడు బావ నాతో. "దొరికిపోయినందుకు ఏడుస్తున్నాడో, ఇంక పరిగెత్తక్కర్లేదని హాయిగా ఉన్నాడో తెలీట్లా. వానాయన కూడా ఇట్టా వెయ్యలా! ఈయనది ఇంకో కథ ఉందా?"

నా నోరింక ఆగలేదు. "ఆయన కాదు బావా... అక్క!"

బావ పేజీ వంక చూశాడు, అక్క వంక చూశాడు. ఎగతాళి చేస్తాడనుకున్నా. "అయితే ఇంకో కథ ఎప్పుడేస్తావే?" అన్నాడు.

"ముందు చేతులు నేర్చుకోనీ!" అంటూ అక్క వంటింట్లోకి పరిగెత్తింది. లోపల్నించి నవ్వు వినిపిస్తూనే ఉంది.

మరుసటి ఏడాది బైండులో అక్క వేసిన కథ మొత్తం ఉంది. సంతకం మాత్రం కోతకి అందకుండా బాగా పైకి, రాజుగారి సింహాసనం పక్కనే పెట్టింది!

మీరనుకుంటున్నది జరగలేదులెండి, బావా అక్కా పెళ్లి చేసుకోలేదు. బావ ఇప్పుడు కృత్తివెన్నులో రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. ఆ బైండు ఆయన దగ్గరే ఉంది. ఫోన్ చేస్తే చాలు, "ఏవండీ చేతులు దాచే ఆయనగారూ..." అనే పిలుస్తాడు అక్కని.

ఇప్పుడు మా అబ్బాయి ఫోన్లో చదివే బొమ్మల కథల్లో వేళ్లన్నీ చక్కగానే ఉంటున్నాయి... ఏ చేయి వేసిందో మాత్రం నాకు తెలియడం లేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి బైండు ఉండేదా? మీ వానాయన, మీ ముక్కులాయన ఎలా వేసేవారో కాస్త చెప్పండి. ఒక్క పేజీ మిగిలినా ఫొటో పెట్టండి... సంతకం తెగిపోయినా ఫర్వాలేదు, మా బావ గుర్తుపడతాడు.