శీలావతులకు చలివేంద్రం నీళ్ళు

1955 ఎండాకాలంలో నన్ను కర్నూలుకు వేశారు. చేపల శాఖలో ఇన్‌స్పెక్టరుగా అదే నా మొదటి పోస్టింగు. రాజధాని అక్కడ ఉన్న రోజులవి. సగం కచేరీలు గుడారాల్లోనే. కాగితాలు ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టుకొని సంతకాలు చేసేవాళ్ళం. ఆ ఎండల్లో కూడా పనంటే ఎంత ఉబలాటమో! తలచుకుంటే నవ్వూ వస్తుంది, ఆ రోజులు మళ్ళీ రావన్న దిగులూ కలుగుతుంది.

ఆ ఏడు ఊళ్ళో ఎగ్జిబిషన్ పెట్టారు. మా స్టాలులో గాజు తొట్టి పెట్టి, ప్రాణంతో ఉన్న శీలావతి, బొచ్చె చేపలను చూపించాలని మా పైఅధికారి ఆర్డరు వేశారు. పల్లెలవాళ్ళను చెరువుల్లో చేపపిల్లలు వదలడానికి ఒప్పించాలన్నది శాఖ ఉద్దేశం. కోయిలకుంట్ల దగ్గర ఒక ఊరి పెద్ద నాగప్ప, తాను వచ్చి చూశాకే మాట చెబుతానన్నాడు. చేపలు వదిలితే నీళ్ళు చెడిపోతాయని వాళ్ళ ఊరికి భయం. అతని కళ్ళముందు నా చేపలే చచ్చి తేలితే, ఇక ఆ తాలూకాలో నా మాట వినే నాథుడుండడు.

మా ఫీల్డుమాన్ మాదన్న తుంగభద్రలో పట్టి తెచ్చిన చేపలు బాగానే ఉన్నాయి. చిక్కంతా దీపాలతో వచ్చింది. ఎండకు జడిసి జనం పొద్దు గూకాకే వచ్చేవారు కాబట్టి తొట్టికి జానెడు ఎత్తున పెద్ద బల్బులు వేలాడదీశారు. ఆ వేడంతా నీళ్ళలోకి దిగేది. వేడెక్కిన నీళ్ళలో గాలి నిలవదు. ఊపిరాడక చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచేవి. అది చూసి జనం, పాపం ఆకలిగొన్నాయని, పొట్లాల్లోని బొరుగులు గుప్పెళ్ళతో విసిరేవారు. వద్దంటే నన్ను పిసినారిని చూసినట్టు చూసేవారు. బొరుగులు నాని నీళ్ళు గంజిలా అయ్యాయి. రెండో రోజే ఒక బొచ్చె చచ్చింది.

దీపాలు ఆర్పుదామంటే పైఅధికారి ఒప్పుకోలేదు. చీకట్లో ఎవడు చూస్తాడయ్యా అన్నారు, అదీ నిజమే. బల్బులు ఇంకాస్త పైకి కట్టించి, తొట్టికి మూడు వైపులా తడిగోనెలు చుట్టాను. చాలలేదు. ఐసుగడ్డ వేయమని సోడా షాపాయన సలహా ఇచ్చాడు గానీ, నీళ్ళు ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు. పైనున్న వేడినీళ్ళు రబ్బరు గొట్టంతో లాగేసి, చల్లటివి కొంచెం కొంచెంగా పోయాలి.

చల్లటి నీళ్ళు మా పక్కనే ఉన్నాయి. తిమ్మక్క అనే ఆవిడ, పోయిన భర్త పేరు మీద అక్కడ చలివేంద్రం పెట్టింది. తడి ఇసుకలో కుదురుగా పెట్టిన ఆమె కుండలు, వడగాలి ఎంత కొడితే అంత చల్లబడేవి. వెళ్ళి అడిగాను.

“మా ఆయప్ప పేరుతో దప్పికైనోళ్ళకు పెట్టిన నీళ్ళు సారూ. నీళ్ళల్లో ఉండేదానికి దప్పిక యాడిది?” అంది.

నాకు ఒళ్ళు మండింది. థర్మామీటరు చూపించి, నీళ్ళలో కరిగే గాలి గురించి ఉపన్యాసం దంచాను. ఆవిడ తన మానాన తాను చెంబులు కడుక్కుంటూ కూర్చుంది. చివరికి విసిగిపోయి, ఒక్కసారి వచ్చి తొట్టిలో చెయ్యి పెట్టి చూడమన్నాను. వచ్చి పెట్టింది, గబుక్కున తీసేసింది.

“ఇదేందప్పా, తానానికి కాంచిన నీళ్ళ మాదిరి ఉండాది. దీంట్లో యా జీవం బతుకుతాది?”

అప్పటికప్పుడే కుండ ఎత్తించింది. దప్పికతో వచ్చినవాళ్ళు ఊరికే తిరిగిపోకూడదన్నది ఆవిడ షరతు. అందుకని పొద్దున్నే మాదన్నా నేనూ కావడితో ఏటినీళ్ళు తెచ్చి ఆమె కుండలు నింపేవాళ్ళం. ఇన్‌స్పెక్టరు కావడి మోయడమేమిటని గుడారాల్లో నవ్వుకున్నారు. నవ్వుకోనీ, నా చేపలు నాకు ముఖ్యం. సాయంత్రాలు తిమ్మక్క విసనకర్ర పట్టుకొని తొట్టి పక్కనే నిలబడేది. బొరుగులు విసరబోయిన చేతిమీద ఒక్కటి పడేది. నా మాట లెక్కచేయనివాళ్ళు ఆమెకు దడిసి నవ్వుతూ వెనక్కి తగ్గేవారు. నీళ్ళు తేటపడ్డాయి, చేపలు అడుక్కు దిగి తిరగసాగాయి. ఆ దీపాల కింద శీలావతులు మలుపు తిరిగినప్పుడల్లా పొలుసులు మెరవడం ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది.

నాగప్ప ఆఖరి రోజు వచ్చాడు. తొట్టి చుట్టూ తిరిగి చూశాడు. నేను నోరు విప్పేలోగా తిమ్మక్క వైపు తిరిగి, ఇవి వదిలితే నీళ్ళు చెడిపోవా అక్కా అని ఆమెనే అడిగాడు.

“చేపలు చెడపలేదప్పా. మనమే బొరుగులేసి చెడిపింటిమి. అది మాన్పించినాక ఎట్లుండాయో నువ్వే చూడు.”

నాగప్ప చొక్కా పైకి మడిచి తొట్టిలో చెయ్యి పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు. వానలు పడి చెరువు నిండినాక చేపపిల్లలను పంపించమని నాతో చెప్పి, తిమ్మక్క దగ్గర చెంబెడు నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కడప జిల్లా అంతా తిరిగాను, రిటైరయ్యేదాకా ఎన్నో ఊళ్ళలో తొట్లు పెట్టాను. ఎక్కడికి పోయినా ముందు జనం చేత నీళ్ళలో చెయ్యి పెట్టించేవాణ్ణి. నా ఉపన్యాసం ఆ తర్వాతే. చాలాచోట్ల దాని అవసరమే పడలేదు.