మైక్రోస్కోపు దగ్గర అక్క

రెండోసారి కూడా కడుపు నిలవకపోయేసరికి, అక్క బడికి సెలవు పెట్టి కొన్నాళ్లు నా దగ్గర ఉందామని అద్దంకి నుంచి గుంటూరు వచ్చింది. అప్పుడు నేను గేదెల అండాశయాల మీద పరిశోధన చేస్తున్నాను. ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక ఒకరోజు ల్యాబుకి తీసుకెళ్లాను. మిరపకాయల సీజను. ఆటో మిర్చి యార్డు దాటేదాకా ఇద్దరికీ ఒకటే దగ్గు. దగ్గుతూనే నవ్వుకున్నాం.

కబేళా నుంచి అండాశయాలు తెచ్చే భాయి అప్పటికే ఫ్లాస్కు పెట్టి వెళ్లాడు. గోరువెచ్చని ఉప్పునీళ్లలోంచి ఒకటి తీసి, సూదితో అందులోని ద్రవం లాగి, మైక్రోస్కోపు కింద పెట్టి అక్కని చూడమన్నాను.

"గుడ్డు చుట్టూ నురగలా ఉందేంటే?"

"దాన్ని సాకే కణాలక్కా. వాటిల్లో చిన్న చిన్న ఆర్ఎన్ఏలుంటాయి. నా పనంతా వాటితోనే. మామూలు ఆర్ఎన్ఏల్లో చాలావాటి పని ప్రొటీన్లు చేయించడం. ఇవి ఏ ప్రొటీనూ చేయించవు. ఫలానాది ఇక చాల్లే అని ఆపుతాయి, అంతే. ఆ ఆపడం కుదరకపోతే గుడ్డు సరిగా ఎదగదు."

అక్క కన్ను తియ్యకుండానే అడిగింది.

"నాకూ అదేనా?"

ఏదో ఒకటి చెప్పి ఊరడిద్దామనిపించింది. కానీ ఉన్నదే చెప్పాను.

"తెలీదక్కా. మేం చూసేది గేదెల్లో. మనుషుల్లో ఎందుకు నిలవదో చాలాసార్లు డాక్టర్లకే అంతుపట్టదు."

"అయితే నేను స్కూటీ మీద బడికెళ్లినందుకు కాదా?"

తెల్లబోయాను. వాళ్లత్తగారు అన్నారట. చర్చిలో ఆడవాళ్లూ అన్నారట. అక్క అది నమ్మి, నాతో కూడా చెప్పకుండా ఏడాదిగా లోపలే దాచుకుంది.

"దానికీ దీనికీ సంబంధం లేదక్కా. మొదటి నెలల్లో పోయేవాటిల్లో చాలావరకు పిండంలో మొదట్నుంచీ ఉన్న లోపం వల్లే. నువ్వు చేసిందేం లేదు."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మళ్లీ మైక్రోస్కోపులోకి వంగి చాలాసేపు చూసింది.

ఆదివారం బావ వచ్చాడు. వరండాలో కూర్చోబెట్టి అతనికి అదంతా చెప్పింది, నాకంటే తేలిక మాటల్లో.

"అమ్మతో నేను చెప్తాలే," అన్నాడు బావ.

"వద్దండీ. నేనే చెప్తా."

చెప్పింది కూడా. అత్తగారు ఏమన్నారో నేనడగలేదు. మళ్లీ ప్రయత్నించాలా వద్దా అని ఇప్పటికీ వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. తొందరేం లేదంటుంది అక్క. ఫోను చేసినప్పుడల్లా తన ఎనిమిదో తరగతి పిల్లల అల్లరంతా చెప్పి, చివర్లో, "మీ గేదెల దగ్గర ఏమన్నా తేలిందా?" అని అడుగుతుంది. తేల్లేదనే చెప్తాను ఎక్కువసార్లు.