తెంపని చిక్కుళ్లు

చలికాలంలో మా పొద్దు ఆకులతో మొదలయ్యేది. అడవి అంచున టేకు, తునికి చెట్లు రాల్చిన ఆకులను మంచు తడి ఆరకముందే గోనెసంచుల్లో కూరుకుని తెచ్చేవాళ్లం. ఎండెక్కితే చేతిలోనే పొడి అయిపోతాయి. తెచ్చిన ఆకును మడుల మీద జానెడు మందాన పరిచి పైన పేడనీళ్లు చల్లాలి. దున్నకూడదు, తగలబెట్టకూడదు, మందు కొట్టకూడదు. పెర్మాకల్చర్ అనే మాటకు మేమంతా చెప్పుకున్న అర్థం అదే. ఆ పని అయ్యాక రాగి జావ. జావ తాగాక పశువుల కొట్టం, కందకాల్లో పూడిక, నీళ్ల కావడి, వంటింటికి కట్టెలు, మరుగుదొడ్డి. ఎవరి వంతు వాళ్లది.

భద్రాచలం అడవి మొదలయ్యేచోట, ఒక కోయ గూడెం పక్కన ఉండేది ఆ తోట. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను అక్కడికి వెళ్లాను. అప్పటికి నాకు నలభై దాటాయి. తల్లాడ దగ్గర మా ఇంటిని ఇప్పటికీ దొరల ఇల్లనే అంటారు, అందులో ఇప్పుడు ఎరువుల గోదాము నడుస్తున్నా సరే. ఇల్లూ భూములూ ఎలా పోయాయో ఇక్కడ రాయను. పోయాయి. బంధువుల ఇళ్లలో అతిథిగా బతకడం నాకు చేతకాదు. అందుకని పని చేసి తినే చోటు వెతుక్కున్నాను.

తెల్ల చొక్కాను చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసుకునేవాణ్ణి. వంటిల్లు చూసే ఆవిడను అందరం అక్కా అనేవాళ్లం. ఆవిడ మొదటివారమే అడిగింది:

"మరుగుదొడ్డి కడగనీకి ఇస్త్రీ అంగీ ఏంది దొరగారూ?"

"పని మారితే మనిషి మారాలా అక్కా?"

"మనిషి మారకున్నా మంచిదే గనీ, ఆ అంగీ ఉతకనీకి బావిల నీళ్లు చాలయి."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, చొక్కా మార్చలేదు. నా వంతును ఒక్కనాడూ తప్పించుకోలేదు కూడా.

కొత్తగా వచ్చినవారికి అక్కడ ఒక నియమం ఉండేది. తోటలో ఎందుకూ పనికిరాని నేల ఒక ముక్క అప్పగిస్తారు. పుష్య పౌర్ణమి నాటి మధ్యాహ్నం ఆ ముక్కలో పండిన కూర పంక్తిలో అందరికీ సరిపోవాలి. సరిపోతే ఆ మనిషి ఇక అక్కడివాడు. సరిపోకపోతే సంచి సర్దుకుని వెళ్లిపోవాలి. బయట కొన్నది చెల్లదు, పక్క మడిలో తెచ్చింది చెల్లదు. తోటను మొదలుపెట్టిన సారు, రిటైరైన స్కూలు మాస్టరు, ఈ నియమాన్ని తన మీద తనే మొదట పెట్టుకున్నారట.

నాకు వచ్చింది కంచె పక్కనున్న గరుసు నేల. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు రేగేవి. ఆకు మోశాను, పేడ మోశాను, వానలు వెళ్లేముందే కందకం తవ్వాను. టమాటా నారు పెడితే వేరు పట్టలేదు. చిలగడదుంప తీగ చక్కగా పాకింది కానీ అడవి పందులు ఒకే రాత్రి పెళ్లగించి పోయాయి. చుక్కకూర గుప్పెడు వచ్చింది. నిలబడింది చిక్కుడు ఒక్కటే.

ఆ విత్తనం గూడెంలోని ఒక అవ్వ ఇచ్చింది. చీపుళ్లు అమ్ముకోవడానికి తోటకు వచ్చి, నేను గరుసుతో కుస్తీ పడుతుంటే కంచె మీద చేతులు పెట్టి చూసేది.

"గీ రాళ్లల్ల మీ టమాటలు రావు దొరా. మా చిక్కుడు పెట్టు. రాళ్లంటే దానికి ఇష్టం."

"విత్తనం ఇస్తావా?"

"ఇస్త. కానీ మా చిక్కుడు పండుగ కాకముందు తెంపొద్దు. వేల్పుకు పెట్టకముందు మేం ముట్టం. నా విత్తనం మొలిచినకాడ గూడ గంతే. మాటియ్యి."

"ఇచ్చాను."

"దొరల మాట గద, ఉంటదా?"

"అదొక్కటే మిగిలింది అవ్వా. ఉంటుంది."

కొంగు ముడి విప్పి నా దోసిట్లో విత్తనాలు పోసింది.

మార్గశిరానికి కంచె కనబడకుండా తీగ అల్లుకుంది. ఊదా పూలు గుత్తులుగా వచ్చాయి, ఆ వెనకే కాయలు. ఆకు మోసుకొచ్చేవాళ్లు అక్కడ సంచి దించి ఒక నిమిషం ఆగేవాళ్లు. చెప్పకేం, నేను కూడా పొద్దున్నే మంచులో వెళ్లి చూసుకునేవాణ్ణి. మా తాతల కాలంలో కనుచూపు మేర మా పొలాలే ఉండేవి. వాటిలో ఒక్క మొక్క కూడా మా చేతులతో నాటింది కాదు. ఈ కంచె నాది.

గూడెంలో పండుగ ఏటా పుష్య మాసం రాకముందే అయిపోయేదట. ఆ ఏడు పూజారి ఇంట్లో ఒక పెద్దమనిషి చనిపోయాడు. మైల తీరి, పెద్దలు కూర్చుని రోజు చెప్పేదాకా పండుగ లేదు. ఈ కబురు అవ్వే చెప్పింది. పౌర్ణమి నాకెంత ముఖ్యమో ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. చెబితే సడలించమని అడిగినట్టవుతుంది. అయినా అది ఆమె ఒక్కతి సడలించగలిగే సంగతి కాదు, ఊరందరిదీ.

పౌర్ణమి వచ్చింది, పండుగ రాలేదు. కాయలు ముదురుతున్నాయి. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఖాళీ బుట్టతో వంటింటి ముందుకు వెళ్లాను.

అక్క బుట్టలోకి చూసింది, కంచె వైపు చూసింది. "ఏంది దొరగారూ, పరాచకాలా? గన్ని కాయలు పెట్టుకుని!"

సంగతి చెప్పాను.

"అయ్యో, మీరేం గూడెపోళ్లా? తెంపుకొస్తే ఎవరు చూస్తరు?"

"నేను చూస్తాను."

సారు అప్పటికే పంక్తిలో కూర్చున్నారు. అందరూ విస్తళ్ల ముందు ఉన్నారు. కొందరు పండుగ దాకా గడువు పొడిగించమన్నారు. సారు తల అడ్డంగా ఊపారు.

"ఒకరికి సడలిస్తే రేపు అందరికీ ఒక కారణం దొరుకుతది. పౌర్ణమి అంటే పౌర్ణమే."

"నేను గడువు అడగలేదు సార్. నియమం తెలిసే వచ్చాను. సంచి సర్దుకుంటాను," అన్నాను.

"కూసోండి జర," అంది అక్క గరిటె ఊపుతూ. "సంచిల ఏమున్నదని సర్దుతరు? ఆ చెంబే గదా."

పంక్తి అంతా ఘొల్లుమంది. నవ్వు తగ్గాక సారు అన్నారు: "నియమంల ఇంకో మాట గూడ ఉన్నది. పోయేటోడు అదే నేల ఇంకో చలికాలానికి అడిగి ఈడనే ఉండచ్చు. ఇప్పటిదాక ఎవరూ అడగలే. అందరూ పట్నం బస్సెక్కిండ్రు."

"అయితే ఆ గరుసు ముక్క వచ్చే చలికాలానికీ నాకే."

"అడుగుతున్నవా, చెప్తున్నవా?"

మా ఇంట్లో ఏదైనా ఇచ్చేవాళ్లమే తప్ప అడిగే అలవాటు లేదు. ఇల్లు పోయిన రోజున కూడా మా నాన్న గడువు అడగలేదు. అలా అడగనందుకు ఆయన్ని మెచ్చుకుంటూ వచ్చినవాణ్ణి. కానీ ఆ నేలలోకి నేను మోసిన ఆకు అప్పుడప్పుడే నల్లగా మారుతోంది. ఇంకో ఏడాదిలో అది మన్ను అవుతుంది. దాన్ని వదిలి వెళ్లి ఎవరి వరండాలో కూర్చోవాలి?

"అడుగుతున్నాను," అన్నాను. నిటారుగా నిలబడే అన్నాను.

"ఇచ్చినం," అన్నారు సారు. "ఇగ కూసో, పప్పు సల్లారుతది."

ఆ తరవాత కొన్నాళ్లకు అవ్వకు ఈ కథ తెలిసింది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను. నడుం పట్టుకుని నవ్వింది.

"పిచ్చోనివా దొరా? నాతోని చెప్తే మా పెద్దోళ్లతోని మాట్లాడకపోదునా?"

"మాట్లాడితే?"

"వాళ్లు గూడ ఒద్దనే అందురు," అని మళ్లీ నవ్వింది. "కానీ ఊరంత కలిసి నీ దిక్కు చూసి అయ్యో అందురు గద!"

"అందుకే చెప్పలేదు."

మైల తీరాక గూడెంలో డోలు మోగింది. ఆ పొద్దు మొదటి బుట్ట కాయలు నేనే భుజాన పెట్టుకుని తీసుకెళ్లి వేల్పు ముందు కుప్పలో పోశాను. పూజారి నన్ను ఎగాదిగా చూసి, ఎవరని అడగకుండా పక్కకు జరిగి చోటిచ్చాడు. తోటకు తిరిగి వచ్చి కంచెంతా తెంపాను. కాయలు ముదిరాయి కాబట్టి అక్క గింజలు ఒలిచి, ఎండుమిరప, వెల్లుల్లి నూరి వండింది. నియమం లెక్కలో ఆ కూరకు విలువ లేదు. నేను ఇంకో ఏడాది కొత్తవాణ్ణే. అయినా ఆ పూట గరిటె అక్క చేతిలోంచి నేనే తీసుకుని, సారు విస్తరి నుంచి పంక్తి చివరిదాకా నా చేతులతో వడ్డించాను. మరో విడతకు కూడా సరిపోయింది.