మూడోసారికి ఒప్పుకునే వదిన

మా ఊళ్ళో ఎవరు పోయినా సమాధి దగ్గర నుంచి తిరిగొచ్చినవాళ్ళకు వెర్నా వదిన చేతి భోజనమే. చర్చి కింద వంటగది ఆవిడ రాజ్యం. పాస్టరు కూడా అడిగే లోపలికి వెళ్ళాలి.

మాది అమెరికాలో రెడ్ నదికి ఇవతల, ఉత్తర డకోటా. అవతల మిన్నెసోటా. రెండు రాష్ట్రాల్లో పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళలో ఏ జాతివాళ్ళ సంఖ్య ఎంత పెరిగిందో పక్కపక్కన పెట్టి మొన్న పేపర్లో వేశారు. ఆ మాత్రం మాకు వంతెన మీద నిలబడితే తెలుస్తుంది. చక్కెర దుంపల పనికి టెక్సస్ నుంచి వచ్చిన మెక్సికన్ కుటుంబాలు అవతలి ఊళ్ళో స్థిరపడ్డాయి. తర్వాత సోమాలీలు వచ్చారు. అక్కడ కొట్లు కళకళలాడుతున్నాయి. మా ఊళ్ళో మాత్రం తాతల నాడు వలసొచ్చిన అవే నార్వే ముఖాలు, ఏటేటా తగ్గుతూ. పైగా మేం మారలేదని గొప్పలొకటి!

ఆ గొప్పంతా మా అన్న ఓర్విల్ పోయిన రోజున దిగిపోయింది. చావు జరిగిన ఇంటివాళ్ళు ఆ రోజు వంటగదిలో అడుగు పెట్టకూడదు. చర్చి ఆడవాళ్ళే వండి వడ్డించాలి. ఆ ఆడవాళ్ళేరీ? కొందరు వృద్ధాశ్రమంలో, మిగిలినవాళ్ళు శ్మశానంలో. ఊరందరికీ పెట్టిన మనిషికి పెట్టే దిక్కు లేదు.

కబురు తెలిసి అవతలి ఒడ్డు నుంచి హెర్లిండా వచ్చింది. దుంపల కోతలప్పుడు ఏటా వదినతో కలిసి పనిచేసే మనిషి.

"వంట సంగతి నాకొదిలెయ్ వెర్నా. మావాళ్ళని తీసుకొస్తా."

"వద్దులే, నీకెందుకు శ్రమ?" అంది వదిన.

"సరే, నీ ఇష్టం," అని హెర్లిండా ఆవిడను కావలించుకుని వెళ్ళిపోయింది.

వదిన కిటికీ దగ్గర నిలబడి కారు పోయిన వైపే చూస్తోంది.

"మళ్ళీ అడగలేదేమిటి లాయిడ్?" అంది నాతో.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వేగా వద్దన్నావు!"

"మొదటిసారే ఔనంటారా ఎవరైనా? రెండుసార్లు కాదని, మూడోసారికి ఒప్పుకుంటాం గానీ!"

"అది మన చాదస్తం, వదినా. ఆవిడ నీ మాటకు విలువిచ్చింది. ఇప్పుడేం చేస్తావు, భోజనాలకొచ్చినవాళ్ళకు నీ మర్యాద వడ్డిస్తావా?"

జన్మలో ఎవరినీ ఏదీ అడగని మనిషి. ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి నంబరు నొక్కింది.

"హెర్లిండా, రా. నావల్ల కావడం లేదు."

మర్నాడు పొద్దున్నే చర్చి వంటగది నిండిపోయింది. హెర్లిండా, ఆవిడ కోడళ్ళు, వాళ్ళ పక్కింటి సోమాలీ ఆవిడ హోదాన్. మా పందిమాంసం బన్నుల జోలికి రానని హోదాన్ ముందే చెప్పి, కాఫీ పని అందుకుంది. మా పాస్టరు జీవితంలో అంత చిక్కటి కాఫీ తాగి ఉండడు.

సమాధి దగ్గర నుంచి రాగానే వదిన అలవాటుగా వంటగది వైపు నడిచింది. హెర్లిండా ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బల్ల ముందు కూర్చోబెట్టింది. కోడికూర, అన్నం, చిక్కుడుగింజలు తెచ్చి ముందు పెట్టింది.

"వేడిగా ఉన్నప్పుడే తిను."

ఆ హాల్లో వదిన కూర్చుని తినడం నేనెప్పుడూ చూడలేదు. రెండు ముద్దలు తిని చెంచా కింద పెట్టింది. అన్న పోయిన దగ్గర్నుంచి బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. హెర్లిండా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ మనుషులు మా నది అవతలి ఒడ్డుకొచ్చి కాపురం పెట్టినందుకు నేను కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.