విత్తనాల కన్నా ముందు ఉపన్యాసం

ఆ రోజుల్లో మాబోటి కొత్త ఉద్యోగులకు ఒక దృఢమైన విశ్వాసం ఉండేది: మనసులో ఉత్సాహం నిండనిదే ఏ పనిలోనూ చేయి పెట్టరాదని. అది ఎప్పుడు నిండుతుందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, ఉట్నూరు వైపు అడవిపల్లెలకు జొన్న విత్తనాలు పంచే చిన్న దఫ్తరులో నన్ను వేశారు. వాగు అవతలి గోండు పల్లెకు బస్తాలు చేర్చే బాధ్యత నాది. బస్తాలు సిద్ధం, జీపు సిద్ధం. సిద్ధం కానిదల్లా నా ఉపన్యాసం. రైతులలో శ్రద్ధ కలిగించకుండా వట్టి విత్తనాలు దింపి రావడం నా చదువుకే అవమానమని తోచింది. ఉపన్యాస విషయం: సకాలంలో పని చేయుట. (నవ్వకండి. ఎత్తుగడ చక్కగా కుదిరింది, ముగింపే కుదరలేదు.)

"సారూ, మొగులు పట్టింది, వాన పడెటట్టుంది. ఇయ్యాలన్న ఎల్దమా?" అని చాచా రోజూ అడిగేవాడు. చాచా అంటే మా జీపు డ్రైవరు, చొప్పదండి మనిషి. "రేపు తప్పకుండా" అని నేనూ రోజూ గంభీరంగా సెలవిచ్చేవాణ్ణి. తొలివాన పడిన మర్నాడు అతడు అడగలేదు. గుమ్మంలో నిలబడి కోప్పడ్డాడు.

"మీకు ఎరుకేనా? గా ఊర్లె ఒక్క గింజ గూడ పడలే. అందరి విత్తనం దేవర ముంగట పెట్టి మొక్కినంకనే విత్తుతరు. సర్కారు విత్తనం గూడ కలుపుతమని పటేలు మాటిచ్చిండట. ఊరంత మీ కోసమే ఆగింది సారూ!"

నా కలం ఆగిపోయింది. నేల పదును ఆరిపోతే ఆ యేడు వారికి తిండి లేదు. నా ముగింపు వాక్యం కుదరనందుకు ఒక ఊరు పస్తుండబోతున్నది!

అప్పటికప్పుడే బయలుదేరాం. వాగు ఒడ్డున జీపు ఆగిపోయింది, ఎర్రనీరు పారుతున్నది. పటేలు మనుషులతో వాగులోకి దిగి వచ్చి బస్తాలు ఎత్తించి, మమ్మల్నీ అవతలికి దాటించాడు. "వచ్చినవా సారూ? జరం గిట్ల వచ్చిందేమోనని పరేషాన్ అయినం" అన్నాడు. ఆ మర్యాద తిట్టు కన్నా ఘాటుగా తగిలింది. గట్టున ఎదురైన ఆయన ముసలి తల్లి మర్యాద జోలికి పోలేదు. "గీ సారు కంటె వాన నయం. పిలువకున్న వచ్చింది."

దేవర ముందు మొక్కు ముగియగానే నేను గొంతు సవరించుకొని "సోదరులారా" అన్నాను. అప్పటికే నాగళ్ళు కదిలిపోయాయి. ఎదుట మిగిలినవాడు చాచా ఒక్కడే. "చెప్పుండ్రి సారూ, నేను వింట. వాగు తగ్గేదాక మనకేం పని?" ముసలమ్మ ఆ అవకాశమూ ఇయ్యలేదు. "నిలవడి ఏం జేస్తవ్ బిడ్డా, పట్టు" అని విత్తనాల గంప నా చేతుల్లో పెట్టింది.

పట్టాను. చెప్పులు బురదలోనే పోయాయి. ఉత్సాహం ఏ నాగటి సాలులో వచ్చి కలిసిందో తెలియదు (చూసుకొనే తీరిక ఎవరిచ్చారు?). పొద్దు వాలుతుంటే పటేలు "ఇంక చాలు సారూ, ఎడ్లు అలసినయ్" అన్నాడు. "ఈ ఒక్క సాలు" అని బతిమాలినవాణ్ణి నేనే. ఇన్నేళ్ళలో క్రమశిక్షణకు మారుపేరని అనిపించుకొన్న ఈ పెద్దమనిషికి, ఎడ్లను సైతం విసిగించిన ఆ బురద కాళ్ళ కుర్రవాడు గుర్తుకు వచ్చినప్పుడల్లా నవ్వు వస్తుంది. ఆ వెనుకే కొంచెం అసూయ కూడా.