ఎక్కడ నవ్వావ్?

మా వీధి చివరి డీవీడీల షాపులో డిస్కు తీసుకోవడం తేలికే. తిరిగివ్వడమే కష్టం. బల్లమీద పెట్టేసి వెళ్లిపోదామంటే షాపాయన వదలరు. డిస్కును ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ వాల్చి, గీతలు పడలేదని చూసుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి అడుగుతారు.

"ఎక్కడ నవ్వావ్?"

సరిగ్గా చెబితే తరవాతి డిస్కు ఇస్తారు. చెప్పలేకపోతే అదే డిస్కు మళ్లీ చేతిలో పెట్టి, "పోయి ఇంకోసారి చూసిరా" అంటారు. అందుకే వీధంతా ఆయనకు హెడ్మాస్టరని పేరు పెట్టింది. ఎదురుగా మాత్రం అందరికీ బాబాయే.

ఆ రోజుల్లో నేను బస్సుల టైముటేబుళ్లు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆరూ నలభై, ఏడూ పది, ఏడూ ముప్పై ఐదు. అన్ని బస్సుల్లో ఒక్కటీ నన్నెక్కడికీ తీసుకెళ్లలేదు. గదికొస్తే తాళంచెవి చప్పుడు తప్ప నన్ను పలకరించేదేమీ ఉండేది కాదు. దాన్ని నేను ఒంటరితనం అనేవాణ్ణి కాదు, కవిత్వం అనేవాణ్ణి. ఒక సంపుటి కూడా వేశాను. దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివినవాళ్లు ఇద్దరు. ఒకడిని నేను. రెండో ఆయన ప్రెస్సులో నా పక్క కుర్చీ. ఆయనా అచ్చుతప్పుల కోసమే చదివాడు.

అలాంటి నేను ఒకరోజు వాన పడుతుంటే ఆ షాపులో దూరి, ఊరికే నిలబడితే బాగుండదని ఒక కామెడీ సీరియల్ మొదటి డిస్కు పట్టుకొచ్చాను. ఒక పాత హోటలు. అందులో ఎప్పుడూ రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయే లిఫ్టు. ఆ లిఫ్టును కన్నబిడ్డలా చూసుకునే ఆపరేటరు, తన నీడను కూడా నమ్మని మేనేజరు. మొత్తం పన్నెండు డిస్కులు. ఇలాంటివి నా స్థాయికి తగవనుకుంటూనే మొదటిదాన్ని ఒక్క పూటలో చూసేశాను.

మర్నాడు మొదటి పరీక్ష.

"ఎక్కడ నవ్వావ్?"

"నవ్వడమంటే... మూడో భాగంలో, వరండా కర్టెన్ మీద సాయంత్రపు వెలుతురు క్షమాపణ అడుగుతున్నట్టు వాలుతుంది బాబాయ్. అక్కడ నా లోపల ఏదో కదిలింది."

"కదిలితే డాక్టరుకి చూపించుకో. నవ్విందెక్కడ?"

"చిరునవ్వు లాంటిదొకటి..."

"ఫెయిల్."

షాపులో అల్మారాల పక్కన ఒక పొడుగాటి బెంచీ ఉండేది. పరీక్షకొచ్చినవాళ్లం దానిమీద వరసగా కూర్చునేవాళ్లం. మ్యాపులు గీసి రిటైరైన ఒక పెద్దాయన, పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే ఒకమ్మాయి, నేను, అప్పుడప్పుడూ ఇంకొకరిద్దరు. సంసారులు మాత్రం పిల్లల్ని వెంటేసుకుని గోలగోలగా వచ్చి, చూసిన డిస్కు ఇచ్చి, ఇంకోటి తీసుకుని పోయేవారు. వాళ్లని బాబాయి ఒక్క ముక్క అడిగేవారు కాదు. వాళ్ల అభిరుచి మీద ఆయనకు ఆశ పోయిందని నేను అర్థం చేసుకున్నాను.

"చూశారా, మనల్నే ఏరి కూర్చోబెడతారు," అన్నాను మ్యాపుల పెద్దాయనతో గుసగుసగా.

"మరి! అందరూ మనలా చూడగలరా?" అన్నాడాయన నడుం నిటారుగా పెట్టి.

మొదటిదాన్ని మళ్లీ చూసి ఎలాగో గట్టెక్కాను. రెండో డిస్కుకి తెలివి ఉపయోగించాను. "మేనేజరు మెట్లమీద జారినప్పుడు పగలబడి నవ్వాను బాబాయ్!"

"అబద్ధం," అంది పళ్ల డాక్టరు దగ్గరమ్మాయి, బెంచీ మీంచి. "ఆయన పెదాలు చూడండి బాబాయ్, అతుక్కుపోయి ఉన్నాయి. ఆ నోరు సరిగ్గా తెరుచుకుని నెలరోజులైనా అయ్యుంటుంది."

"నా నోటితో మీకేం పనండీ?"

"రోజుకి ముప్పై నోళ్లు చూస్తానండీ. నాకు తెలీదా?"

"ఫెయిల్," అన్నారు బాబాయి.

పడుతూ లేస్తూ నాలుగో డిస్కు దాకా వచ్చేసరికి పట్టుదల వచ్చింది. మేనేజరు పొరపాటున ఇన్‌స్పెక్టరు కోటు తొడుక్కుంటాడు. పనివాళ్లంతా హడలిపోయి బల్లల కింద దాక్కుంటారు. వాళ్లెందుకు దాక్కున్నారో చూద్దామని ఇటు తిరిగిన మేనేజరు అద్దంలో తన్ను తాను చూసి, తనూ వెళ్లి దాక్కుంటాడు. ఇదంతా నోటితో చెప్పడం చేతకాక, బాబాయి కోటు అడిగి తొడుక్కుని, బెంచీ కిందికి దూరి మరీ చూపించాను. మ్యాపుల పెద్దాయన దగ్గుతూ నవ్వాడు. ఆ అమ్మాయి బెంచీ కిందికి వంగి, "పై వరసలో ఒక పన్ను పుచ్చింది, చూపించుకోండి" అంటూ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఎక్కణ్ణుంచో, చాలా దూరం నడిచి వచ్చినట్టు వచ్చింది.

"కానీ బాబాయ్," అన్నాను దుమ్ము దులుపుకుంటూ, "గదిలో చూసినప్పుడు నవ్వలేదు. ఇప్పుడే."

"ఎక్కడ నవ్వావనే కదా అడిగాను? ఇక్కడ నవ్వావు. పాస్."

అలా పదకొండుకి చేరాను. పదకొండో డిస్కు చివర ఆపరేటరు, రిసెప్షన్ అమ్మాయి లిఫ్టులో ఇరుక్కుపోతారు. అతను ఏదో చెప్పబోతాడు. అంతే, కరెంటు పోతుంది. డిస్కు అయిపోతుంది. ఆ తలుపు తెరుచుకుంటుందా లేదా అన్న బెంగతో మర్నాడు ప్రెస్సులో ఏడూ పది బస్సును ఏడూ నూటపదికి పంపించేశాను.

సాయంత్రం పరుగున వెళ్తే ఆ అమ్మాయి అప్పటికే బల్ల దగ్గరుంది. ఆమె చేతిలోనూ పదకొండే.

"పన్నెండోది ఒక్కటే కాపీ," అన్నారు బాబాయి.

"నేను ముందొచ్చాను," అంది ఆమె.

"నేను రెండుసార్లు ఫెయిలయ్యానండీ! నా కష్టం చూడండి!"

బాబాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, డిస్కు షాపు టీవీలోనే పెట్టి, బెంచీని ముందుకు లాగారు. లిఫ్టు తలుపు తెరుచుకుందా అంటే, నేను చెప్పను. చూసొచ్చి మీరే ఆయనకు చెప్పుకోవాలి. "ఎక్కడ నవ్వారు?" అని అడిగినప్పుడు మాత్రం ఇద్దరం ఒకేసారి ఒకే చోటు చెప్పాం. ఏడాది తిరక్కుండా ఇద్దరం కాపురం పెట్టాం.

కాపురం పెట్టిన మొదటి వారం కొత్త సీరియల్ డిస్కు బల్లమీద పెట్టి గొంతు సవరించుకున్నాను. చక్కటి జవాబు తయారు చేసుకున్నాను, చేతుల కదలికలతో సహా. బాబాయి డిస్కు తుడిచి, తరవాతిది నా చేతిలో పెట్టి, "పద" అన్నారు.

"అదేంటి బాబాయ్! అడగరా?"

"ఏం అడగాలి?"

"ఎక్కడ నవ్వానో!"

"ఇంట్లో అడిగే మనిషి వచ్చిందిగా. పక్కకు జరుగు, ఆయన చెప్పాలి."

బెంచీ మీద మ్యాపుల పెద్దాయన జేబులో తాళంచెవి తడుముకుంటూ కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన ఎవరో కొత్తాయన, అతని వేలికీ ఒక తాళంచెవి. ఇన్నాళ్లూ నా అభిరుచికి జరుగుతున్న గౌరవమనుకున్నది, నా గది తాళానికి జరిగిందన్నమాట! సిగ్గేసింది. అంతకంటే, ఆ బెంచీ మీద చోటు పోయిందని ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు సాయంత్రం ధైర్యం చేసి వెళ్లాను.

"మా ఆవిడ ఊరెళ్లింది బాబాయ్. నాలుగు రోజులు రాదు." వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను.

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టారు. "అయితే చెప్పు. ఎక్కడ నవ్వావ్?"

నేను చేతులు రెండూ పైకెత్తి మొదలుపెట్టబోతుండగా, గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు.

"బాబాయ్," అంది తెలిసిన గొంతు, గబగబా. "ఆయన ఆఫీసు పనిమీద ఊరెళ్లారు. ఒక్కదాన్నే ఉన్నాను. నన్నూ అడగండి, జవాబు అద్దం ముందు..."

అప్పుడు నన్ను చూసింది. నా చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

"ఇద్దరూ ఫెయిల్," అన్నారు హెడ్మాస్టరు. ఆ మాట అని అటు తిరిగి అల్మారా సర్దడం మొదలుపెట్టారు. సర్దిన డిస్కులనే మళ్లీ సర్దుతున్నారు. భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి.